జనం ఏం వెతికారో చెప్పుకో: మన సీమ ఇళ్లకు, కాలేజీలకు ఏ ఆట సరిపోతుంది?

సెర్చ్ బాక్సులో సగం మాట కొట్టి ఆగితే మిగతా సగాన్ని ఫోనే అందిస్తుంది. ఆ మిగతా సగం ఏమిటో ముందే చెప్పగలరా? రెండు పేర్లు పక్కపక్కన పెడితే జనం దేన్ని ఎక్కువ వెతికారో పట్టుకోగలరా? ఈ రెండు ప్రశ్నల చుట్టూ అల్లిన క్విజ్ ఆటలు కొన్ని ఉన్నాయి. పండక్కి ఇల్లు నిండినప్పుడు, కాలేజీ ఫెస్ట్‌లో ఒక గంట నడపాల్సి వచ్చినప్పుడు, బడిలో ఆఖరి పీరియడ్ ఖాళీ దొరికినప్పుడు బాగా పనికొస్తాయి. చిక్కంతా ఏది పెట్టాలన్న దగ్గరే. అనంతపురంలో ఇంజినీరింగ్ పిల్లలు కేకలు వేస్తూ ఆడిన ఆటనే ప్రొద్దుటూరులో పెళ్లింట్లో పెడితే పది నిమిషాలకే పెద్దవాళ్లు ఒక్కొక్కరే లేచిపోతారు. ఆటలో లోపం ఉండి కాదు. అందులోని వెతుకులాటలు వాళ్లవి కావు, అంతే.

ఇక్కడ అయిదు దారులు పోల్చి చూద్దాం. సిద్ధంగా దొరికేవి రెండు: గూగుల్ ఫ్యూడ్, హయ్యర్ లోయర్ గేమ్. మనం నడుపుకునేవి మూడు: గూగుల్ ట్రెండ్స్‌తో (ఏ మాటను ఎంత వెతుకుతున్నారో గ్రాఫుగా చూపే గూగుల్ సైటు) జట్ల పందెం, తెలుగు సూచనలతో సొంతంగా కట్టుకునే చార్టు ఆట, నెట్ అక్కర్లేని చీటీల ఆట.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ వెతుకులాటలు ఎవరివి అన్నది. అమెరికాలో కూర్చున్నవాళ్లు ఇంగ్లీషులో కొట్టిన మాటలు ఊహించాలంటే అక్కడి టీవీ షోలు, తిండి, సెలవులు తెలిసుండాలి. అవి తెలియని మనిషి ఎంత చురుకైనవాడైనా ఓడిపోతాడు, రెండో రౌండుకే ఆసక్తి పోతుంది. భాష వస్తే చాలు అనుకుంటాం గానీ, ఇక్కడ భాషకన్నా బతుకు పరిచయం ముఖ్యం.

రెండోది మనుషుల లెక్క. ఇద్దరికి బాగుండే ఆట ఇరవై మందికి బాగుండదు. ఒకరు ఫోన్ పట్టుకుంటే పందొమ్మిది మంది భుజాల మీదుగా తొంగి చూడాలి.

మూడోది తగువు. "మా జవాబూ అదే కదా, మాటే వేరు" అన్న వాదన ఈ ఆటల్లో రౌండుకొకటి వస్తుంది. దాన్ని ఎవరు తీర్చాలి? సైటే తీర్చేస్తే గొడవ లేదు, కానీ సైటు మరీ మొండిగా తీరుస్తుంది. మనిషి తీర్చాలంటే నియమాలు ముందే చెప్పి ఉండాలి.

నాలుగోది నెట్. గండికోట లోయ అంచున కూర్చున్నా, కల్యాణ మండపం సెల్లార్లో కూర్చున్నా సిగ్నల్ మీద భరోసా పెట్టుకోలేం. ఆట మధ్యలో చక్రం తిరుగుతూ ఉండిపోతే జనాన్ని మళ్లీ కూడగట్టడం కష్టం.

ఇక పిల్లలు పక్కన ఉన్నప్పుడు తెర మీద ఏం వస్తుందన్న సంగతి. అప్పటికప్పుడు వచ్చే సూచనలు మన చేతిలో ఉండవు. ముందే చూసి రాసుకున్నవి మన చేతిలో ఉంటాయి.

| ఆట | ఎవరి వెతుకులాటలు | ఎందరికి | ముందు పని | ఆడేటప్పుడు నెట్ | తగువు తీర్చేది |
|---|---|---|---|---|---|
| గూగుల్ ఫ్యూడ్ | ఇంగ్లీషువి, అమెరికా వాసన ఎక్కువ | 1 నుంచి 6 | లేదు | కావాలి | సైటు |
| హయ్యర్ లోయర్ | ఇంగ్లీషు పేర్లు, ప్రపంచవ్యాప్తం | ఇద్దరి నుంచి ఒక తరగతి దాకా | లేదు | కావాలి | సైటు |
| ట్రెండ్స్ పందెం | మనం ఎంచుకున్న రాష్ట్రానివి | 2 నుంచి 5 జట్లు | 20 నిమిషాలు | బాగా కావాలి | గ్రాఫు, జడ్జి |
| సొంత చార్టు | మన భాషవి, మన ఊరివి | 8 నుంచి 40 | ఒక సాయంత్రం | అక్కర్లేదు | జడ్జి |
| చీటీల ఆట | ఎదురుగా కూర్చున్నవాళ్లవి | 20 దాటితే బాగుంటుంది | ఒక రోజు ముందు | అక్కర్లేదు | చీటీల లెక్క |

## గూగుల్ ఫ్యూడ్

2013లో జస్టిన్ హుక్ అనే అమెరికన్ తయారుచేసిన సైటు ఇది. 1976లో అమెరికా టీవీలో మొదలైన ఫ్యామిలీ ఫ్యూడ్ షో పద్ధతిని తీసుకున్నారు. ఆ షోలో వంద మందిని అడిగిన సర్వే జవాబులు ఊహించాలి, ఇక్కడ ఆ వంద మంది స్థానంలో గూగుల్ సూచనలు వచ్చాయి. ఒక విభాగం ఎంచుకుంటే సగం వాక్యం వస్తుంది, కింద పది గడులు మూసి ఉంటాయి. జవాబు టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. పై గడికి 10,000 పాయింట్లు, అక్కణ్నుంచి గడికి వెయ్యి చొప్పున తగ్గుతూ ఆఖరి దానికి 1,000. మూడు తప్పులకు రౌండు ముగుస్తుంది.

దీని బలం వేగం. రెండు మూడు నిమిషాల్లో రౌండు అయిపోతుంది, ఏ ఏర్పాటూ అక్కర్లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆ సినిమాలు, సిరీసులు చూసే పిల్లలకు హాయిగా ఉంటుంది.

మనవాళ్లకు ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి, అర్థం దగ్గరగా ఉన్నా ఆ గడిలోని మాట పడకపోతే సైటు తప్పు కింద లెక్కేస్తుంది. రెండోది ప్రశ్నలోనే ఉన్న పరాయితనం. నలుగురు కూర్చుని ఆడితే ఒక ఉపాయం పాటించండి: టైప్ చేసే మనిషి సొంతంగా జవాబు చెప్పకూడదు. కుడి నుంచి ఎడమకు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పాలి, ఎవరి మాటకు గడి తెరుచుకుంటే వాళ్లకే ఆ పాయింట్లు. ఇలా చేయకపోతే ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక్కరే ఆట మొత్తం ఆడేస్తారు.

## హయ్యర్ లోయర్ గేమ్

తెర రెండు ముక్కలుగా ఉంటుంది. ఎడమ పక్క ఒక పేరు, దాన్ని నెలకు సగటున ఎన్నిసార్లు వెతుకుతారన్న సంఖ్య. కుడి పక్క ఇంకో పేరు, సంఖ్య ఉండదు. ఎక్కువా తక్కువా అన్నది నొక్కాలి. సరైతే కుడిది ఎడమకు జరిగి కొత్తది వస్తుంది. ఒక్క తప్పుకు ఆట సరి. వరసగా ఎన్ని పట్టారన్నదే స్కోరు.

టైపింగ్ లేదు, స్పెల్లింగు గొడవ లేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగితే చాలు. అందుకే కర్నూలు నుంచి అనంతపురం బస్సులో ఇద్దరు స్నేహితులు కాలక్షేపానికి ఆడుకోవాలంటే దీనికి మించింది లేదు. తప్పు చేసినవాళ్లు ఫోన్ పక్కవాళ్లకు ఇచ్చేస్తే సరిపోతుంది.

తరగతి గదిలోనూ నడుస్తుంది, ఒక ప్రొజెక్టరు ఉంటే. అందరినీ లేచి నిలబడమనండి. ఎక్కువ అనుకున్నవాళ్లు చేతులు తల మీద, తక్కువ అనుకున్నవాళ్లు నడుము మీద పెట్టాలి. ఒకటి, రెండు, మూడు అనగానే పెట్టిన చేతులు మార్చకూడదు. ఎక్కువ మంది ఎటుంటే టీచరు అది నొక్కాలి. తప్పినవాళ్లు కూర్చుంటారు. ఎక్కువ మందే తప్పితే ఆట మొదటికి వస్తుంది, అయినా నిలబడ్డవాళ్లతో కొత్త జతను కొనసాగించవచ్చు. అరవై మంది పిల్లలున్నా ఏడెనిమిది జతలకే చివరి ఇద్దరు ముగ్గురు తేలిపోతారు.

అక్కడ కనిపించే సంఖ్యల్ని ఇవాళ్టి లెక్కలుగా తీసుకుని పిల్లలకు పాఠంలా చెప్పొద్దు. ఆట వరకే అవి.

## ట్రెండ్స్ పందెం

కాలేజీ జట్లకు ఇది మంచి ఎంపిక, సైటు వాడకం తెలిసిన ఒక మనిషి ఉంటే. గూగుల్ ట్రెండ్స్ 2006లో మొదలైంది, అందులో 2004 నుంచి వెతుకులాటల తీరు కనిపిస్తుంది. ఒకేసారి అయిదు మాటల దాకా పోల్చవచ్చు. అందుకే జట్లు అయిదుకు మించొద్దు.

ఆట ఇలా నడుస్తుంది. నడిపే మనిషి ఒక మాట ఇస్తాడు, ఉదాహరణకు "ధర". ప్రతి జట్టూ దానికి ముందు ఇంకో మాట చేర్చి కాగితం మీద రాసి ఒకేసారి చూపించాలి. టమాట ధర, ఉల్లి ధర, పత్తి ధర, సిమెంటు ధర, ఇలా. వాటిని ట్రెండ్స్‌లో పెట్టి, ప్రాంతం ఆంధ్రప్రదేశ్, కాలం గత 12 నెలలు ఎంచుకుంటే గ్రాఫు వస్తుంది. పక్కనే సగటు చూపించే పట్టీలు ఉంటాయి. ఎవరి పట్టీ పొడవైతే వాళ్లది రౌండు. రౌండుకు నాలుగు నిమిషాల చొప్పున ఆరు రౌండ్లు అరగంటలోపే అయిపోతాయి.

వినడానికి సులువే. చెడేది వివరాల్లో.

ట్రెండ్స్ చూపేది ఎంతమంది వెతికారన్న లెక్క కాదు. ఆ గ్రాఫులో అన్నిటికన్నా పై బిందువును 100 అనుకుని, మిగతావన్నీ దానితో పోల్చి చూపుతుంది. అది కూడా ఆ చోట, ఆ కాలంలో జరిగిన మొత్తం వెతుకులాటల్లో ఈ మాట వాటా ఎంత అన్నది. కాబట్టి ఒక జట్టు "బంగారం ధర" అని రాసిందంటే దాని పక్కన మిగతా నాలుగూ సున్నాకో ఒకటికో అణిగిపోయే ప్రమాదం ఉంది. అలాంటి మాటల్ని ముందే నిషేధించండి. సంఖ్యల్ని నేరుగా కూడకుండా వరస పాయింట్లు ఇవ్వండి: మొదటి జట్టుకు 5, తర్వాతి వాటికి 4, 3, 2, 1. అప్పుడు ఒక్క రౌండులో ఒక్క పెద్ద మాటతో ఆట మొత్తం తేలిపోదు.

పండగ మాటలది ఇంకో తమాషా. "సంక్రాంతి ముగ్గులు" లాంటిది జనవరిలో కొండలా లేచి ఏడాదంతా నేలకు అంటుకుని ఉంటుంది. శిఖరం ఎత్తుగా కనబడి జట్టు సంబరపడుతుంది గానీ సగటులో వెనకబడుతుంది. ఏడాది పొడవునా నిలకడగా వెతికే మాటే గెలుస్తుంది. ఈ కిటుకు అర్థమైన జట్టు మూడో రౌండు నుంచి ఆలోచించే పద్ధతే మారిపోతుంది. ఈ ఆటలో అసలైన రుచి అదే. కావాలంటే ఒక రౌండును సగటు మీద కాకుండా శిఖరం మీద నడిపి చూడండి, అప్పుడు పండగ మాటలకు ప్రాణం వస్తుంది.

స్పెల్లింగును ట్రెండ్స్ సవరించదు. "కర్నూలు" అని కొడితే "కర్నూల్" అని వెతికినవాళ్లు ఆ లెక్కలోకి రారు. రెండిటి మధ్య ప్లస్ గుర్తు పెడితే కలిపి లెక్కిస్తుంది. కొటేషన్ గుర్తుల్లో పెడితే ఆ మాటలు అదే వరసలో ఉన్నవే వస్తాయి, పెట్టకపోతే మాటలు ఏ వరసలో ఉన్నా, పక్కన ఇంకేమున్నా కలుస్తాయి. ఈ రెండు గుర్తులు జట్లకు ముందే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ చెబితే అందరికీ చెప్పాలి. ఊరి పేర్లతో ఆడితే ఇది ఇంకా పట్టించుకోవాలి. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. సీ, యూ, డీ, డీతో నడిచే పాతది, కేతో మొదలయ్యే కొత్తది ట్రెండ్స్‌కు రెండు వేర్వేరు మాటలు. పాత స్పెల్లింగు ఇప్పటికీ బతికే ఉంది: ఇంటి అరుగులకు, వంటగట్టుకు వేసే మన నల్ల కడప రాయిని బయటి రాష్ట్రాల్లో ఆ పేరుతోనే అమ్ముతారు, కొంటారు. కాబట్టి ఆ స్పెల్లింగు గ్రాఫులో కనిపించేదంతా ఊరి గురించిన వెతుకులాటే అనుకోవడానికి లేదు.

మాట కొట్టగానే ట్రెండ్స్ కింద రెండు రకాలు చూపుతుంది, "సెర్చ్ టర్మ్" అని, "టాపిక్" అని. టాపిక్ అంటే ఆ విషయానికి అన్ని భాషల్లో, అన్ని స్పెల్లింగుల్లో జరిగిన వెతుకులాట కలిపి. ఒక జట్టుది టర్మ్, ఇంకో జట్టుది టాపిక్ అయితే పోటీ అన్యాయం. అన్నీ టర్మ్‌లే పెట్టండి.

తెలుగు లిపిలో మూడు నాలుగు మాటలు కలిపి రాస్తే చాలాసార్లు సున్నాలే వస్తాయి, ఆ మాటకు చూపించేంత వెతుకులాట లేక. రెండు మాటలకు మించొద్దని నియమం పెట్టండి. అప్పటికీ సున్నాలైతే ఆ రౌండు మొత్తాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి మళ్లీ కొట్టండి. జట్టుకొక లిపి మాత్రం వద్దు.

ఇంకొకటి. కాలేజీ వైఫై మీద ఒకేసారి చాలామంది ట్రెండ్స్ తెరిస్తే సైటు కాసేపు మొరాయించి 429 అని చూపుతుంది, తక్కువ సమయంలో ఎక్కువ అభ్యర్థనలు వచ్చాయని దాని అర్థం. నడిపే మనిషి సొంత ఫోన్ హాట్‌స్పాట్ వాడాలి, మిగతావాళ్లు ఆట అయ్యేదాకా ట్రెండ్స్ తెరవకూడదు. అలా తెరవకపోవడం పోటీకీ మంచిదే కదా.

## సొంతంగా కట్టుకునే తెలుగు చార్టు

ఇంట్లో తాత నుంచి మనవరాలి దాకా అందరూ ఉన్నప్పుడు పెట్టాల్సింది ఇదేనని గట్టిగా చెప్పగలం. ఒక సాయంత్రం పని పెడుతుంది, కానీ ఆ శ్రమకు పదింతలు ఫలితం. మిగతా ఆటల్లో మనం పరాయివాళ్ల బుర్రలోకి తొంగి చూస్తాం. ఇందులో మన పక్కింటివాళ్ల బుర్రలోకి చూస్తాం.

ఆట పద్ధతి గూగుల్ ఫ్యూడ్‌దే: సగం మాట చెప్పి, చార్టు మీద మూసి ఉన్న గడుల్లోని సూచనల్ని ఊహించమంటాం. ముందుగా ఒక సంగతి. ఇంగ్లీషు ఆటలో సగం వాక్యాలు "ఎలా", "ఎందుకు" అన్న అర్థం వచ్చే మాటలతో మొదలవుతాయి. వాటిని చూసి తెలుగులోనూ "ఎలా" అని కొట్టి సూచనల కోసం చూస్తే ఆట తేలిపోతుంది. తెలుగులో ప్రశ్న చివర వస్తుంది. "ఉగ్గాని ఎలా చేయాలి", "పాలు ఎందుకు విరుగుతాయి" అంటాం, వెతికేటప్పుడూ ముందు వస్తువు పేరే కొడతాం. అందుకని వాక్యాన్ని పేరు దగ్గర కోయాలి. "పాలు", "రాగి సంగటి", "మంత్రాలయం", "లేపాక్షి నుంచి", "చిన్న పిల్లలకు", ఇలాంటి చోట కోస్తే సూచనలు నాలుగు వైపులా విచ్చుకుంటాయి. ఇది తెలియక చాలామంది తెలుగు ఆట కుదరదని వదిలేస్తారు.

ఇంకో సంగతి మాట ఎంపిక. నోటితో మనం బుడ్డలు అంటాం, చెనక్కాయలు అంటాం. అదే మనిషి ఫోన్‌లో వేరుశనగ అనో పల్లీలు అనో కొట్టవచ్చు. కాబట్టి చార్టుకు మాట ఎంచుకునే ముందు నాలుగు రకాలుగానూ కొట్టి చూసి, ఏ మాటకు సూచనలు నిండుగా వస్తాయో అది తీసుకోండి. "నుంచి", "నుండి" కూడా విడివిడిగా కొట్టి చూడాల్సినవే.

కావాల్సినవి: ఒక ఫోను, వీలైతే కంప్యూటరు, ఎనిమిది చార్టు కాగితాలు, లావు స్కెచ్ పెన్నులు, మూతలకు పాత క్యాలెండరు కాగితం, చేతికి అంటుకోని తెల్ల టేపు.

చేసే విధానం:

1. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. మామూలు కిటికీలో అయితే మీ పాత వెతుకులాటలే ముందు వరసలో వస్తాయి. వంటల వీడియోలు చూసే ఇంటి ఫోనులో అన్నీ వంటలే తేలతాయి. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా మీరు ఏ ప్రాంతంలో ఉన్నారన్నది గూగుల్‌కు తెలుస్తుంది. మనకు కావాల్సింది మన ప్రాంతమే కనుక అది మంచిదే.

2. మాట కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆగండి. ఎంటర్ నొక్కొద్దు. స్పేస్ ఇవ్వకముందు వచ్చే జాబితా వేరు, ఇచ్చాక వచ్చేది వేరు. స్పేస్ లేకపోతే అదే మాటకు ప్రత్యయాలు తగిలించిన రూపాలు కూడా వస్తాయి. ఎనిమిది చార్టులకూ ఒకే పద్ధతి పాటించండి.

3. స్క్రీన్‌షాట్ తీయండి. ఫోనులో కీబోర్డు కొన్నిటిని కప్పేస్తుంది, కీబోర్డు దించితే మిగతావి కనిపిస్తాయి. కంప్యూటరులో సాధారణంగా పది దాకా వస్తాయి.

4. ఇంకొకరి ఫోనులో అదే పని చేయండి. రెండు చోట్లా కనిపించినవే తీసుకోండి. ఒక్కచోటే వచ్చింది ఆ రోజు వార్త వల్ల వచ్చి ఉండొచ్చు, పండగ నాటికి దాన్ని అందరూ మరిచిపోతారు.

5. ఒకే అర్థం ఉన్నవి కలపండి. "ఉగ్గాని ఎలా చేయాలి", "ఉగ్గాని తయారీ విధానం", "ఉగ్గాని రెసిపీ" మూడు గడులు కాకూడదు. ఒకటే గడి.

6. రాజకీయ నాయకుల మీదివి, కులం మీదివి, ఒకరి ఆరోగ్యం మీదివి, మీ ఊరి మామూలు మనుషుల పేర్లున్నవి తీసేయండి. హింస, అసభ్యత, ద్వేషం ఉన్న సూచనల్ని గూగుల్ తన నియమాల ప్రకారం తొలగిస్తుంది, అయినా ఇంట్లో పెద్దల ముందు ఇబ్బంది పెట్టేవి మిగలొచ్చు.

7. ఇన్ని వడపోతల తర్వాత ఆరు గడులు మిగిలితే మంచి చార్టు. నాలుగే మిగిలితే ఆ మాట వదిలి ఇంకోటి చూడండి. ఒకటిన్నర అంగుళం ఎత్తు అక్షరాలతో రాయండి, పది అడుగుల దూరం నుంచి అమ్మమ్మకు కూడా కనబడాలి. ప్రతి గడి మీద నంబరు వేసిన క్యాలెండరు ముక్క పై అంచున మాత్రమే టేపు వేసి అంటించండి. నాలుగు వైపులా వేస్తే ఊడదీసేటప్పుడు కింది రాత చిరుగుతుంది.

8. చార్టు వెనక తేదీ, సమయం రాయండి. ఆట మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ తీసి "ఇప్పుడు వేరేది వస్తోంది" అంటారు. నిజమే, సూచనలు మారుతూనే ఉంటాయి. "ఈ తేదీన వచ్చినవి" అని ముందే చెబితే ఆ తగువు పుట్టదు. స్క్రీన్‌షాట్లు ఫోన్‌లో ఉంచుకోండి.

పాయింట్లు మొదటి గడికి 60, ఆఖరి దానికి 10. ఇక్కడ ఒక నిజం ఆటగాళ్లకు చెప్పడం మర్యాద. సూచనల్లో పైన ఉన్నది జనం అందరికన్నా ఎక్కువ వెతికిందని ఒట్టేసి చెప్పలేం. భాష, చోటు, అప్పటి వార్తలు అన్నీ కలిపి గూగుల్ ఆ వరస వేస్తుంది. కెవిన్ గిబ్స్ అనే ఇంజినీరు తన పనివేళల్లో ఇరవై శాతం సమయంలో మొదలుపెట్టిన ఈ సదుపాయం 2004 డిసెంబరులో ప్రయోగంగా వచ్చింది, 2008 నుంచి గూగుల్ ముఖపేజీలోకి చేరింది. అప్పటి నుంచీ దాని ఉద్దేశం మన టైపింగు తగ్గించడమే, పోటీలకు ర్యాంకులు ఇవ్వడం కాదు. గడి వరస ఆట కోసం మనం పెట్టుకున్న ఒప్పందం.

జడ్జిగా ఆడని మనిషిని పెట్టండి. మేనమామో, పెద్దమ్మో, ఎవరి మాట అయితే ఇద్దరు ముగ్గురు కాదు ఇంటిల్లిపాదీ వింటారో వాళ్లు. జడ్జికి ఒక్కటే కొలత: చెప్పిన మాట కొట్టినా, చార్టులో ఉన్న మాట కొట్టినా మనిషికి దొరికేది ఒకటేనా? "గండికోట దారి" అన్నారు, చార్టులో "గండికోట ఎలా వెళ్లాలి" ఉంది. సరే. "గండికోట బస్సు" అన్నారు. అది వేరు, గడి తెరవొద్దు.

వంటల గడులు పెడుతుంటే గూగుల్ బదులు యూట్యూబ్ సెర్చ్ బాక్సులో కొట్టి చూడండి. రెండిటి సూచనలు వేర్వేరు. చేసి చూపేది కావాలనుకున్నప్పుడు జనం నేరుగా యూట్యూబ్‌లోనే అడుగుతారు, అందుకే ఓళిగలు, కారం దోసె లాంటి మాటలకు అక్కడే ఎక్కువ ఇంటి వాసన దొరుకుతుంది. టైప్ చేయడం రాని పెద్దవాళ్లకు ఆ గడులు ఇట్టే తడతాయి, మైకు గుర్తు నొక్కి వాళ్లూ అడిగేవి అవే కనుక.

## చీటీల ఆట

నెట్ లేని చోట, బడిలో, ఊరి గ్రంథాలయంలో ఇది. ఒక రోజు ముందు ముప్పై నలభై మందికి పేరు రాయని చీటీలు ఇచ్చి ఒకే ప్రశ్న అడగండి: "జ్వరం రాగానే ఫోన్‌లో మొదట ఏం వెతుకుతావు?", "కొత్త ఊరికి పోయే ముందు ఏం వెతుకుతావు?" జవాబు ఒకటి రెండు మాటల్లో ఉండాలి. ఒకే అర్థం ఉన్నవి కట్టలు కట్టి లెక్కపెట్టండి. ఎన్ని చీటీలో అన్ని పాయింట్లు. కనీసం రెండు చీటీలు వచ్చినవే గడి ఎక్కాలి.

అయిదిట్లో నిజంగా ఎంతమంది అన్న లెక్క చేతికి దొరికేది దీంట్లోనే. పేర్లు అడగొద్దు, చేతిరాత గుర్తుపట్టి ఎగతాళి చేయొద్దు. అది జరిగితే రెండోసారి ఎవరూ నిజం రాయరు.

## మీరు ఎవరైతే ఏది

ఇద్దరు ముగ్గురే ఉండి, చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేకపోతే హయ్యర్ లోయర్. ఇంగ్లీషు సినిమాలు, సిరీసులు బాగా తెలిసిన హాస్టల్ గది అయితే గూగుల్ ఫ్యూడ్, అదీ ఒక అరగంటే. గంట దాటితే ఒకే రకం ప్రశ్నలు తిరిగినట్టు అనిపిస్తుంది.

డిగ్రీ, ఇంజినీరింగ్ ఫెస్ట్‌కు ట్రెండ్స్ పందెం పెట్టండి. కానీ పాల్గొనేవాళ్లు వంద మంది దాటితే నేరుగా అది వద్దు. ముందు చీటీల ఆటతో వడపోసి అయిదు జట్లు తేల్చి, వేదిక మీద ట్రెండ్స్ నడపండి. జట్టుకు ముగ్గురు చాలు. అయిదుగురుంటే ఇద్దరు మాట్లాడతారు, ముగ్గురు చూస్తూ కూర్చుంటారు.

బడి పిల్లలకు, ముఖ్యంగా తెలుగు మీడియం పిల్లలకు, సొంత చార్టు. తయారీ పనిని తొమ్మిదో తరగతివాళ్లకే అప్పగించి, ఏడు ఎనిమిది తరగతులవాళ్లను ఆడించండి. స్పేస్ ఇస్తే ఏమైంది, ఇవ్వకపోతే ఏమైంది, రెండు ఫోన్లలో రెండు రకాలుగా ఎందుకు వచ్చింది అన్నవి చార్టు చేసేవాళ్లే నేర్చుకుంటారు. టీచరు స్క్రీన్‌షాట్లు ఒకసారి చూడకుండా మాత్రం గోడ ఎక్కించొద్దు.

పండగ ఇంటికి సొంత చార్టే, సందేహం లేదు. ఎనిమిది చార్టులు చేసి ఆరే ఆడండి. రెండు దాచుకుంటే సమానం అయినప్పుడు పనికొస్తాయి. ఒకటి వంట మీద, ఒకటి గుడో దర్గానో యాత్రో, ఒకటి పంట మీద, ఒకటి చిన్న పిల్లల మీద ఉండేలా చూసుకుంటే ఇంట్లో ప్రతి ఒక్కరికీ తనదైన ఒక చార్టు దొరుకుతుంది. ఒంటిమిట్ట, అహోబిలం, అమీన్ పీర్ దర్గా లాంటి చోట్లకు ఏటా వెళ్లే పెద్దవాళ్లు, ఆ చార్టు వచ్చినప్పుడు కాలేజీ పిల్లల్ని మించిపోతారు.

కొలువులకు బయటి ఊళ్లకు వెళ్లి పండక్కి వచ్చినవాళ్లు ఎక్కువ ఉంటే రెండు జట్లు చేయండి: బెంగళూరు, హైదరాబాదుల నుంచి వచ్చినవాళ్లు ఒకటి, ఊళ్లోవాళ్లు ఒకటి. రెండు చార్టులు అక్కడి స్నేహితుల చేత అక్కడి ఫోన్లలో తీయించండి. ఒకే తెలుగు మాటకు చోటు మారితే సూచనలు ఎలా మారాయో చార్టులు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

చార్టులు నాలుగు వారాలకు మించి దాచొద్దు. ఉగాదికి చేసినవి మళ్లీ దసరాకు తీస్తే పంటల గడి, ప్రయాణాల గడి పాతబడి ఉంటాయి. వంటల గడి మాత్రం మార్చక్కర్లేదు, మూతలు కొత్తవి అంటించుకుంటే చాలు.